ఎదురు గడపల కల్లు

నా చిన్నప్పుడు మా ఊరు పోగొట్టుకున్నవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం నాకొక అలవాటు. ఉప్పెనలో పోయినవాటి సంగతి కాదు నేను చెప్పేది. అవి తర్వాత పోయాయి, వాటిని లెక్కపెట్టడం నా వల్ల కాదు. ఇవి తగవులో పోయినవి. అలివి వల లాగే అదను రెండేళ్ళు పోయింది. కాపు మీదున్న కొబ్బరి చెట్టు ఒకటి పోయింది. బావి దగ్గర బిందె ఎత్తిపెట్టమని ఒకరినొకరు అడిగే చనువు పోయింది. పొద్దున్నే ఎదురింటికి వెళ్ళి చుట్టకు నిప్పు తెచ్చుకునే మర్యాద పోయింది. ఆఖరికి వలే పోయే రోజు వచ్చింది. అది కూడా పోతే ఇక లెక్కపెట్టడానికి ఊరంటూ మిగలదని తొమ్మిదేళ్ళ పిల్లనైన నాకు కూడా తెలుసు.

మా ఊరు అవనిగడ్డ దాటి దక్షిణంగా, సముద్రపు హోరు వినపడే దూరంలో ఉండేది. ఉన్నది ఒకటే ఇసుక వీధి. దానికి అటొక వరుస, ఇటొక వరుస తాటాకు ఇళ్ళు. తూర్పు వరుసలో ఇరవై నాలుగు గడపలు, పడమటి వరుసలో ఇరవై నాలుగు. ఏ గడపలో నిలబడినా ఎదుటి గడప కనపడేది. అందరూ వేట మీద బతికేవాళ్ళు. మా ఇల్లొక్కటే వీధి కొసన, ఏ వరుసలోనూ చేరకుండా విడిగా ఉండేది. మా తాతయ్య కల్లు గీసేవాడు.

అలివి వల అంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల. ఒక కొస తాడు ఒడ్డున ఉంచుకుని, వలను నావ మీద సముద్రంలోకి తీసుకెళ్ళి, చుట్టూ తిప్పి, రెండో కొసను కొంత దూరంలో మళ్ళీ ఒడ్డుకు చేరుస్తారు. అప్పుడు రెండు తాళ్ళనూ ఒక్క ఊపున లాగాలి. ఒక తాడు తూర్పు వరుసది, ఒకటి పడమటి వరుసది. నీటి ఈడ్పు ఏ వైపు ఉంటే ఆ వైపు తాడు నడుములు విరగ్గొడుతుంది. అందుకని బరువు తాడు ఒకరోజు ఒక వరుస పట్టుకుంటే మర్నాడు రెండో వరుస పట్టుకోవాలని పెద్దల నాటి ఏర్పాటు. వలలో నలభై ఎనిమిది గడపలకూ తలా ఒక ముక్క ఉంది. ఏ ముక్క ఎవరు అల్లిందో ముడి చూసి చెప్పేవాళ్ళు.

తగవు ఆ వంతు దగ్గరే మొదలైంది. ఒకసారి గాలివాన వచ్చి మూడు రోజులు వేట ఆగింది. మళ్ళీ వెళ్ళిన పొద్దున బరువు తాడు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. ఆగిన రోజులు కూడా వంతులో కలుస్తాయని తూర్పు వరుస, కలవవని పడమటి వరుస. సముద్రం ఎదురుచూస్తుండగా అక్కడే మాటామాటా పెరిగింది. ఆ రోజు ఎవరూ ఏ తాడూ పట్టుకోలేదు. వారం తిరక్కుండా తూర్పు వరుసలో చేపల గంప మోసుకుని బతికే ఒక ఒంటరి అత్త పెరట్లో కొబ్బరి చెట్టు తెల్లారేసరికి నేలకూలి ఉంది. గొడ్డలి ఎవరిదో చెప్పినవాళ్ళు లేరు, తెలియనివాళ్ళూ లేరు. ఆవిడ ఎదురు గడప పడమటి వరుస పెద్దాయనది. ఆయన మేనల్లుడు ఆ తర్వాత చాలా రోజులు ఆ వైపు తలెత్తి చూడలేదు.

ఆ చెట్టు మా తాతయ్య గీసే ఆరు చెట్లలో ఒకటి. కొబ్బరి కల్లు తీయడం తాటి కల్లు తీసినట్టు కాదు, అది పసిబిడ్డను సాకినట్టని మా తాతయ్య అనేవాడు. విచ్చుకోని పూల పొత్తుకు గట్టిగా నార చుట్టాలి. రోజూ చిన్న కర్రతో దాని ఒళ్ళంతా మెత్తగా తట్టాలి. గట్టిగా కొడితే లోపల పూత నలిగి కుళ్ళిపోతుంది, తట్టకపోతే ఊట దిగదు. కొన్నాళ్ళకు పొత్తు తల వంచుతుంది. అప్పుడు కొసను పల్చగా చెక్కి కింద లొట్టి, అంటే చిన్న కుండ, కడతారు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఎక్కి కొత్తగా చెక్కుతూ ఉండాలి. ఒక్క పూట మానేస్తే కోసిన చోటు ఎండి మూసుకుపోతుంది, అన్నాళ్ళ చాకిరీ బూడిదలో పోసినట్టే. మోకు నడుముకు చుట్టుకుని ఆయన చెట్టెక్కుతుంటే నేను కింద నిలబడి లొట్టెలు కడిగేదాన్ని. మద్యనిషేధం ఉన్నన్నాళ్ళూ లొట్టిలో సున్నం పూసి, పులవకుండా తీపి ఊట దించి బెల్లం కాచేవాళ్ళం. నిషేధం సడలించాక సున్నం మానేశాడు. తెల్లవారుజామున దించితే తియ్యగా ఉండే కల్లు, ఎండ ఎక్కేకొద్దీ నురగ కట్టి పులిసి తలకెక్కేది.

నేను బడికి వెళ్ళింది తక్కువ. నా ఎక్కాలన్నీ ఆ లొట్టెల దగ్గరే. ఒక చెట్టు పొద్దుటి పూట ఎనిమిది దొప్పల కల్లు ఇచ్చేది. దొప్పంటే తాటాకు మడిచి కట్టిన గిన్నె. ఆరు చెట్లకూ నలభై ఎనిమిది దొప్పలు. ఊళ్ళో గడపలూ అన్నే. ఈ లెక్క కుదరడం చూసి నాకు నేనే మురిసిపోయేదాన్ని.

లెక్క అలా కుదరడం ఊరికీ అవసరమే. మా ఊళ్ళో తగవు తీరితే రాజీ కల్లు తాగాలి. రెండు వరుసల పెరళ్ళలో ఉన్న చెట్ల నుంచి ఆ పొద్దున దించిన కల్లంతా ఒకే కాగులో పోసి, గడపకొక దొప్ప చొప్పున అందరూ తాగాలి. బయటి కల్లు పనికిరాదు, నిన్నటి కల్లు పనికిరాదు. ఒక్క గడపకు అందకపోయినా రాజీ కాలేదన్నట్టే. నిషేధం రోజుల్లో పానకంతో రాజీలు చేసుకున్నారట. అవేవీ ఏడాది నిలవలేదని ముసలాళ్ళు నవ్వేవాళ్ళు.

తగవు మొదలైన ఏడాదికి ఒకసారి రాజీ కల్లు పెట్టారు. చెట్టు ఒకటి పోయింది కాబట్టి నలభై దొప్పలే వచ్చాయి. మా తాతయ్య ముందే చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. పడమటి కొస నుంచి పోసుకుంటూ వచ్చాడు. తూర్పు వరుసలో చివరి ఎనిమిది గడపలకు వచ్చేసరికి కాగు అడుగు కనపడింది. నురగ పోసిన దొప్ప అందుకున్నవాడు దాన్ని ఇసుకలోకి గిరాటేశాడు. మిగతా ఏడుగురూ లేచి వెళ్ళిపోయారు. "మా చెట్టు నరికింది మీరు, మాకే నురగ పోస్తారా" అన్న మాట ఆ తర్వాత ఏడాదంతా వీధిలో వినపడింది.

రెండో ఏడు కూడా అదను దగ్గరపడింది. ఒడ్డుకు దగ్గరగా కవళ్ళ చేపలు గుంపులు కడుతున్నాయని గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. వల పాకలో వేలాడుతూ ఉప్పుగాలికి పెళుసెక్కుతోంది. అప్పుడు రెండు వరుసల పెద్దలూ ఒకే ఒక్క మాట మీద కలిశారు. ఇంకొక్కసారి రాజీ కల్లు పెడదాం, అది కూడా చెడితే ఆ మధ్యాహ్నమే వలను నడిమికి కోసి చెరిసగం పంచుకుందాం అని. సగం వలతో చేపలు పట్టలేరు, కోళ్ళ గూడు మీద కప్పుకోవాలి. ఆ సంగతి తెలిసీ ఒప్పుకున్నారు. పాక గుంజకు కత్తి కూడా గుచ్చి ఉంచారు.

ఆ ముందురోజు నేను మా తాతయ్యతో వాదన పెట్టుకున్నాను. నలభైని నలభై ఎనిమిదికి ఎలా పంచుతావు తాతయ్యా అని అడిగాను. దొప్పలు కాస్త చిన్నవి కడదామన్నాను.

"చిన్న దొప్ప పడమటోళ్ళకిస్తే వాళ్ళు ఊరుకోరు. తూర్పోళ్ళకిస్తే అసలే ఊరుకోరు. ఇద్దరికీ ఇస్తే ఇద్దరూ కలిసి నన్ను తంతారు" అన్నాడు.

"పోనీ ఒక చెంబు నీళ్ళు కలుపు."

"నీళ్ళు కలిపితే రాజీ పల్చబడుద్దే పిచ్చిమొహమా. నువ్వెళ్ళి దొప్పలు కట్టు."

"ఎన్ని కట్టను? నలభై ఎనిమిదేనా?"

"ఇరవై నాలుగు చాలు" అన్నాడు. సగం దొప్పలతో ఏం చేస్తాడో చెప్పలేదు. అడిగితే, పొద్దున చూద్దువుగాని అన్నాడు.

తెల్లారకముందే అయిదు చెట్లూ ఎక్కి దిగాడు. కాగులోకి వంచుతుంటే నేను చిప్పతో కొలిచాను. సరిగ్గా నలభై దొప్పలు. ఎండ ఎక్కకముందే, కల్లు ఇంకా తియ్యగా ఉండగానే, వీధి మధ్యకు కాగు మోయించాడు. పులిసిన కల్లు తాగితే పాత మాటలు నోట్లోకి వస్తాయని ఆయన భయం.

జనం ఎప్పటిలా వరుసకొక వైపు కూర్చోబోయారు. మా తాతయ్య ఒప్పుకోలేదు. ఎవరి ఎదురు గడపవాడి పక్కన వాళ్ళు కూర్చోవాలన్నాడు. రెండేళ్ళుగా మొహాలు చూసుకోనివాళ్ళు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఎలా కూర్చుంటారు? గొణుగుడు మొదలైంది.

"ఏంటి మావయ్యా ఇది, పెళ్ళి పీటలా?" అన్నాడు తూర్పు వరుసలో ఒకాయన.

"పెళ్ళయితే నయమే అల్లుడూ, మూడు రోజులకి మొహం మొత్తుద్ది. మీకింకా మొత్తలేదు, కూర్చో."

నవ్వు వచ్చింది కానీ ఎవరూ పూర్తిగా నవ్వలేదు. మెల్లగా కూర్చున్నారు. అప్పుడు చెప్పాడు పద్ధతి. ఇద్దరికి ఒకటే దొప్ప. ముందు ఒకరు తాగి మిగిలింది రెండోవాళ్ళ చేతికివ్వాలి. ఖాళీ అయితే మళ్ళీ పోస్తాడు. ఇద్దరూ చాలనేదాకా పోస్తూనే ఉంటాడు.

ఇంతకుముందు కనీసం గడపకొకటని హద్దు ఉంది. ఇప్పుడు అదీ లేదు. పగతో ఉన్నవాళ్ళు చాలంటారా? నేను మనసులోనే లెక్క మొదలుపెట్టాను.

మొదటి జంటలో పడమటాయన దొప్ప ఎత్తి ఆఖరి చుక్క దాకా తాగి ఖాళీ దొప్ప ఎదుటివాడి చేతిలో పెట్టాడు. మా తాతయ్య మళ్ళీ నింపాడు. తూర్పాయన కూడా అలాగే ఖాళీ చేశాడు. రెండు. రెండో జంట కూడా అంతే. మూడో జంటా అంతే. ఆరు పోయాయి. ఈ లెక్కన ఇరవై జంటల దగ్గర కాగు ఖాళీ అవుతుంది. నేను పాకలో కత్తి వైపు చూశాను.

నాలుగో జంటలో ఇద్దరూ పళ్ళూడిన ముసలాళ్ళు. పడమటి తాత దొప్ప ఎత్తాడు, రెండు గుక్కలు మింగాడు, ఆగాడు. ఎదుటి మనిషి కళ్ళు తన గొంతు మీదే ఉన్నాయి. ఊళ్ళో అందరి కళ్ళూ అక్కడే ఉన్నాయి. ఆయన దొప్ప దించి, ఎంత మిగిలిందో చూసుకుని, సగానికి పైగానే ఉండగా అందించాడు.

"తాగు బావా. నీకంటే ఎక్కువ తాగానని చచ్చాక కూడా దెప్పుతావు" అన్నాడు.

"దెప్పుతాను. తక్కువ తాగినా దెప్పుతాను" అని రెండో తాత తాగి, ఇద్దరూ చాలన్నారు. ఒక్క దొప్ప.

అక్కడి నుంచి గాలి మారింది. ముసలాళ్ళు సగం వదిలిపెట్టాక పడుచువాళ్ళు పూర్తిగా ఎలా తాగుతారు? అయిదో జంటలో తూర్పువాడు రెండు గుక్కలు తాగి ఇచ్చాడు. తన కంటే వాడు ఎక్కువ మర్యాదస్తుడని అనిపించుకోవడం ఇష్టం లేక పడమటివాడు ఒక్క గుక్కే తాగి తిరిగి ఇచ్చాడు. దొప్ప అటూ ఇటూ తిరిగింది. ఒకరిని మించి ఒకరు మిగల్చడానికి పోటీ పడ్డారు. రెండేళ్ళ నుంచి ఎవరు ఎక్కువ లాక్కోవాలా అని చూసిన మనుషులు, ఎవరు ఎక్కువ వదులుకున్నారో నలుగురికీ కనపడాలని చూస్తున్నారు. పంతం మాత్రం అదే. మా తాతయ్య దాని మొహం తిప్పి రెండో వైపు కూర్చోబెట్టాడు. కొందరికి మరో అర దొప్ప పోయాల్సి వచ్చింది, చాలామందికి ఒక్కటే సరిపోయింది. ఇరవై మూడు జంటలయ్యేసరికి నా లెక్కకు ఇరవై ఎనిమిది దొప్పలు అయ్యాయి. నమ్మలేక కాగులోకి తొంగి చూశాను. నా లెక్క తప్పలేదు.

అప్పుడు తాతయ్య చేయి ఆగింది. పడమటి వరుస పెద్దాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన చోటు ఖాళీ. ఆయన ఎదురు గడప చెట్టు పోయిన అత్తది. మగదిక్కు లేని గడప కాబట్టి ఆవిడ వంతు ఎప్పుడూ ఆ వరుస వాళ్ళే ఎవరో ఒకరు తాగేసేవాళ్ళు. ఆవిడ తన అరుగు మీద నిలబడి చూస్తోంది.

తూర్పు వరుస నుంచి ఒకతను ఆవిడ బదులు తాను తాగుతానని లేవబోయాడు. మా తాతయ్య చెయ్యి అడ్డుపెట్టాడు.

"చెట్టు నీది కాదుగా అల్లుడూ" అని, అరుగు వైపు తిరిగి, "అమ్మాయ్, గడప నీది. దిగిరా" అన్నాడు.

ఆవిడ వెంటనే రాలేదు. ఆవిడ రాకపోతే ఇరవై మూడు జంటలు తాగినదంతా ఉత్తదే. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, మెట్టు దిగి, ఇసుకలో నడిచి వచ్చి, పెద్దాయన పక్కన కూర్చుంది. మా తాతయ్య దొప్ప నింపి ముందు ఆవిడకే ఇచ్చాడు. నాకు తెలిసి ఆ ఊళ్ళో మగవాడికంటే ముందు ఆడమనిషి చేతికి రాజీ దొప్ప రావడం అదే మొదలు.

ఆవిడ దొప్పలోకి చూస్తూ ఉండిపోయింది. పెద్దాయన తల వంచుకున్నాడు.

"చెల్లెమ్మా, ఆ చెట్టు సంగతి…" అని మొదలుపెట్టాడు.

"చెట్టు సంగతి తర్వాత. దొప్ప కారుతుంది" అంది ఆవిడ. ఒక్క గుక్క తాగి ఆయనకు అందించింది. ఆయన పెదవి తడుపుకుని తిరిగి ఇచ్చాడు. ఆవిడ మళ్ళీ ఒక గుక్క. ఆయన మళ్ళీ ఒక చుక్క. నాలుగోసారి కూడా దొప్ప సగం దిగకపోయేసరికి ఆవిడ విసుక్కుంది.

"ఏంటన్నయ్యా, కల్లు తాగుతున్నావా, కళ్ళకద్దుకుంటున్నావా? చేపలు మన కోసం సాయంత్రం దాకా ఉంటాయా?"

అప్పుడు నవ్వింది ఊరు. రెండేళ్ళ తర్వాత ఒకే నవ్వు. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ మిగిలినదంతా ఒక్క గుటకలో తాగేశాడు. "చాలు" అన్నాడు. "చాలు" అంది ఆవిడ. ఆయన మేనల్లుడు ఎవరూ అడగకుండానే ఆవిడ పెరట్లోకి పోయి, కొట్టేసిన మోడు పక్కన గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. మొక్క ఇంకా తేలేదు, ముందు గొయ్యి తవ్వుతున్నాడు.

నేను కాగులో చిప్ప ముంచి కొలిచాను. ఎనిమిది దొప్పలు తక్కువ కావాల్సిన చోట పదకొండు మిగిలాయి. గట్టిగా చెప్పాను ఆ అంకె. ఎవరికీ పట్టలేదు. అప్పటికే ఎవరో గుంజకున్న కత్తి పీకి వల కట్లు కోస్తున్నారు. ఆడవాళ్ళు పాకలోంచి వలను దించి పెళుసెక్కిన కన్నులు చూసి అక్కడికక్కడే ముడులు వేస్తున్నారు. ఆ రోజు బరువు తాడు ఎవరిదని ఒక కుర్రాడు అడిగితే, రెండు వైపుల నుంచీ మాదంటే మాదని అరిచారు. చివరికి ఎదురు గడపల లెక్కనే కలిసి, ప్రతి తాడుకూ రెండు వరుసల వాళ్ళూ పట్టుకున్నారు. నేను కూడా తాడు కొస పట్టుకున్నాను. నా బలమెంతో వలకు తెలిసి ఉండదు కానీ అరచేతులు కందిపోవడం నాకు తెలుసు. వల సంచి ఒడ్డుకు వచ్చేసరికి కవళ్ళు ఇసుక మీద వెండి పోసినట్టు పరుచుకున్నాయి. గంపలు చాలలేదు. చీర చెంగుల్లో, నావలో, కల్లు మోసిన కావడి తట్టల్లో నింపారు. మిగిలిన కల్లు తాళ్ళ దగ్గరే అయిపోయింది.

అది అయిపోకముందు రెండు వరుసల పెద్దలూ కలిసి మా తాతయ్యకు ఒక దొప్ప నింపి ఇచ్చారు. ఆయన సగం తాగి ఆగిపోయాడు.

"నాకు ఎదురు గడప లేదు కదరా. మిగతా అర ఎవరికివ్వను?" అన్నాడు. ఆ సగాన్ని తిరిగి కాగులో పోసి, "ఇది మీ మీద బాకీ. రెండు వరుసలూ కలిసొచ్చి తీర్చాలి. ఒక వరుస వాళ్ళే తెస్తే పుచ్చుకోను" అన్నాడు.

మరుసటి ఏడు మొదటి వల లాగిన రోజున రెండు వరుసల నుంచి చెరొకరు కలిసి మా ఇంటికి నిండు దొప్ప తెచ్చారు. ఆయన అర తాగి అర తిరిగిచ్చాడు. బాకీ తీరలేదు, ఇంకో అర పెరిగింది. ఆ పై ఏడూ అంతే. ఆయన పోయాక మా నాన్నకు తెచ్చారు, ఇప్పుడు మా తమ్ముడికి తెస్తున్నారు. తమ్ముడు బందరులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ ఒక్క రోజుకు సెలవు పెట్టుకుని వచ్చేవాడు.

నేను తర్వాత లెక్కలతోనే బతికాను. ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ళ సంఘానికి ముప్పై ఏళ్ళు పద్దులు చూశాను. పంపకం దగ్గర తగవు వచ్చినప్పుడల్లా తలకెంత వస్తుందో ముందు చెప్పను. ఎవరు ఎవరి చేతికి ఇవ్వాలో ముందు కుదిర్చి, ఎదురెదురుగా కూర్చోబెడతాను. భాగహారంలో తక్కువ పడింది మనుషుల చేతుల్లో మిగలడం ఆ తర్వాత చాలాసార్లు చూశాను. ఒక్కోసారి మిగలదు కూడా. అయినా ఆ పద్ధతి మానలేదు.

మొదటి దొప్పతో కలిపి ఈ ఏటి దాకా నలభై ఏడు సార్లు ఇచ్చారు. నలభై ఏడు అరలు. ఎవరూ తీర్చాలని తొందరపడటం లేదు, మేమూ అడగటం లేదు. ఇవాళ్టికి ఆ రెండు వరుసలూ కలిసి మా ఇంటికి పడిన బాకీ ఇరవై మూడున్నర దొప్పలు.